కార్యదర్శి రహీమ్ సాబ్

అధ్యక్షులకు, పాతబస్తీ మైదానాల్లో జుట్టు నెరిసిన పెద్దలకు, ఎండలో ఈలలు ఊది ఊది గొంతు పోగొట్టుకున్న వ్యాయామ ఉపాధ్యాయ మిత్రులకు, కుర్చీలున్నా వెనక నిలబడే ఉంటామని పట్టుబట్టిన కుర్రాళ్ళకు ఆదాబ్.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ గురించి మాట్లాడమన్నారు. తెలియనివాళ్ళకు చెప్పడం తేలిక, తెలిసినవాళ్ళకు చెప్పడమే కష్టం. చార్మినార్‌కి ఇంత దగ్గర్లో నిలబడి రహీమ్ సాబ్ కథ మొదలుపెడితే, నేను వాక్యం పూర్తిచేసేలోపు ముందు వరసలోంచి ఎవరో ఒకరు అందుకుంటారు. జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో ఎవరు ఎక్కడ ఆడారో కంఠతా వచ్చినవాళ్ళు ఇక్కడున్నారు. అందుకని ముందే చెప్పేస్తున్నాను. భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ రహీమ్ గురించి చాలామంది మాట్లాడారు, రాశారు, 2024లో అజయ్ దేవ్‌గణ్‌ని పెట్టి ‘మైదాన్’ అని సినిమా కూడా తీశారు. నేను కార్యదర్శి రహీమ్ గురించి మాట్లాడతాను.

ఆయన 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1963 జూన్ 11న కన్నుమూసేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. ఇరవై ఏళ్ళు. ఈ ఇరవై ఏళ్ళలో నిజాం రాజ్యం పోయింది, హైదరాబాద్ రాష్ట్రం వచ్చింది, 1956లో అదీ పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. సచివాలయం మీద జెండా మారింది, పోలీసుల టోపీ మీద బిళ్ళ మారింది. ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి మాత్రం మారలేదు.

ఊరి ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అంటే ఏం చాకిరీయో ఈ హాల్లో కొందరికి తెలుసు. వాళ్ళ ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. ఏ డివిజన్లో ఎన్ని జట్లో తేల్చాలి. ఫిక్చర్లు వెయ్యాలి. జుమ్మా నమాజు వేళకి ఆట పడకూడదు. లాల్‌దర్వాజా బోనాల రోజున ఆ పక్క కుర్రాళ్ళకి మ్యాచ్ పెట్టకూడదు. మొహర్రం పదో రోజున మైదానం ఊసే ఎత్తకూడదు. రిఫరీ రాకపోతే ఇంటికి మనిషిని పంపాలి. రెండు క్లబ్బుల కాగితాల మీదా సంతకం పెట్టిన మహానుభావుడు ఎవరివాడో పంచాయితీ చెయ్యాలి. ఓడిన జట్టు రాసిచ్చిన ఫిర్యాదుని ముఖం చిట్లించకుండా చదవాలి. ఆ రోజుల్లో బంతి తోలుది. లోపల రబ్బరు బ్లాడరు, పైన లేసు. వాన పడితే నీళ్ళు పీల్చి ఇటుక అయ్యేది. లేసు ముడి నుదుటికి తగిలితే చర్మం చిట్లేది. ఆ బంతుల్ని ఆరబెట్టించడం, కుట్టించడం, సున్నంతో గీతలు గీయించడం, నెట్లకి కన్నాలు పడితే అల్లించడం, ఇవన్నీ ఎవరో ఒకరి నెత్తిన పడాలి. చప్పట్లు మాత్రం గోల్ కొట్టినవాడికే పడతాయి. కొట్టకపోతే తిట్లు కార్యదర్శికి.

ఇలాంటి మనుషులు ప్రతి దేశంలోనూ ఉంటారు. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో, కెనడా పల్లెల్లో శీతాకాలం వస్తే జనం స్నోమొబైళ్ళ మీద తిరుగుతారు. ముందు రెండు పలకలు, కింద గిరగిరా తిరిగే పట్టా ఉండే మంచు బండి అది. ఆ బళ్ళు తిరిగే దారుల్ని చాలాచోట్ల ఊరి క్లబ్బుల వాళ్ళే కాచుకుంటారు. వేసవిలోనే పొలం యజమానుల గడపలెక్కి అనుమతులు అడుగుతారు. మంచు పడగానే గుర్తు బల్లలు పాతుతారు. ఊరు నిద్రపోయాక యంత్రం వేసుకుని వెళ్ళి మంచు చదును చేసి వస్తారు. తెల్లారి బండి దూకించే కుర్రాడికి ఆ దారి ఎవరు వేశారో తెలియనక్కర్లేదు. అలాంటివాడు ఒకడు పోయినప్పుడు చూడాలి, ఊరికి ఊరే కదిలి వస్తుంది. మనకి మంచు లేదు, ఎండా దుమ్మే. రహీమ్ సాబ్ మాత్రం ఆ కోవ మనిషే. కాకపోతే మన దారి చూసేవాడు చేతికి ఖాళీ దొరికినప్పుడల్లా దేశానికి కూడా దారి వేసి వచ్చాడు.

ఆయన పుట్టింది 1909 ఆగస్టు 17న, ఈ నగరంలోనే. ఉస్మానియాలో చదివారు, అక్కడి జట్టుకి ఆడారు. తర్వాత కమర్ క్లబ్‌కి ఆడారు. బతుకుతెరువు బడిపంతులు ఉద్యోగం. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్, ఈ నాలుగు బళ్ళలోనూ పాఠం చెప్పారు. ఆ తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల్ని మైదానంలోకి తోలే పని కూడా నెత్తికెత్తుకున్నారు. ఆయనలోని పంతుల్ని మరిచిపోతే తర్వాత కథ అర్థం కాదు. పదకొండుమందిని ఎంచుకుని ఆడించేవాడు కోచ్. పంతులుకి ఆ వీలు లేదు. తరగతిలో ఉన్న నలభైమందీ అతనివాళ్ళే. వెనక బెంచీవాడికి కూడా ఏదో ఒకటి నేర్పి పంపాల్సిందే.

ఆయన రాకముందు ఇక్కడ ఫుట్‌బాల్ లేదని కాదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో తెల్ల పటాలాలు ఆడేవి. వాళ్ళతో ఆడి, ఓడి, మళ్ళీ ఆడి మనవాళ్ళు గెలవడం నేర్చుకున్నారు. సిటీ పోలీస్ జట్టుని అంతకు ముందే నార్బర్ట్ ఫ్రూవాల్ అనే పెద్దమనిషి గట్టి జట్టుగా తీర్చిదిద్దారు. ఆ పేరు మనవాళ్ళు దాదాపు మరిచిపోయారు. రహీమ్ సాబ్‌ని తలచుకునే చోట ఆయన్ని కూడా ఒకసారి తలచుకోవడం న్యాయం. పొయ్యి రాజేసింది ఆయన.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగానికి వస్తాను. కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఓర్చుకోండి.

కార్యదర్శి చేతిలో ఉండే బలం ఏమిటి? డబ్బు కాదు, సంఘాలకి ఎప్పుడూ డబ్బు ఉండదు. ఏ టోర్నమెంటు పెట్టాలో, ఏ నియమంతో పెట్టాలో నిర్ణయించే అధికారం. అంతే. రహీమ్ సాబ్ ఆ ఒక్కదాన్నీ పట్టుకున్నారు. కుర్రాళ్ళకి నాన్-డ్రిబ్లింగ్ టోర్నమెంటు పెట్టారు. అంటే బంతి కాలికి తగిలాక దాన్ని పట్టుకుని పరుగెత్తడం, ఒకణ్ణి తప్పించడం, ఇంకొకణ్ణి తప్పించడం కుదరదు. వచ్చిన బంతి వచ్చినట్టే ఇంకొకడికి ఇచ్చెయ్యాలి. గల్లీ ఆటగాడికి ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. గల్లీలో పేరు వచ్చేదే ముగ్గుర్ని తప్పించినవాడికి. అలాంటివాణ్ణి తీసుకొచ్చి ‘నీ విద్య ఇక్కడ చెల్లదు’ అన్నారన్నమాట.

కానీ ఆ నియమం పిల్లవాడి మెడలో ఏం చేస్తుందో చూడండి. బంతి వచ్చాక ఆలోచించే టైము లేదు కాబట్టి, బంతి రాకముందే తల తిప్పి చూస్తాడు. నా కుడి పక్క ఎవడున్నాడు, ఎవడు ఖాళీగా ఉన్నాడు, ఎవడి వెనక బ్యాక్ ఉన్నాడు? బంతి లేనివాడు కూడా నిలబడి చూడడానికి లేదు. వాడు కదిలితేనే తోటివాడికి బంతి ఇచ్చే చోటు దొరుకుతుంది. పది ఉపన్యాసాలిచ్చినా చెప్పలేని పాఠాన్ని ఒక్క నియమం చెప్పేస్తుంది. కోచ్ పక్కన నిలబడి అరవక్కర్లేదు. రిఫరీ ఈలే పాఠం.

ఇంకోటి, చేతకాని కాలి టోర్నమెంటు. కుడికాలివాటం వాడు ఎడమకాలితోనే తన్నాలి, ఎడమకాలివాడు కుడికాలితో. మొదటి మ్యాచ్ చూసినవాళ్ళు నవ్వి నవ్వి పడిపోయి ఉంటారు. జట్టులో మొనగాడనుకున్నవాడు గాలిని తంతాడు, బంతి మీద తనే జారి కూర్చుంటాడు. మూడో మ్యాచ్‌కి సంగతి మారుతుంది. ఒంటి కాలి ఆటగాణ్ణి ఆపడం తేలిక. వాడి మంచి కాలి పక్క నిలబడితే సగం ఆట అయిపోతుంది. రెండు కాళ్ళూ ఆడేవాడి ముందు బ్యాక్‌కి ఎటు నిలబడాలో తెలియదు. ఇదంతా ఇవాళ పిల్లల అకాడమీల్లో ఫీజు కట్టి నేర్చుకునే విద్య. ఆ కాలంలో హైదరాబాద్ కుర్రాడు లీగ్‌లో పేరిచ్చి నేర్చుకున్నాడు.

ఈ విద్య మన నేలకి సరిపోయింది కూడా. మనవాళ్ళకి తెల్ల సోల్జర్ల పొడుగు లేదు, బరువు లేదు. బంతి గాల్లోకి లేస్తే వాళ్ళ తలకే తగులుతుంది. నేల మీద పెట్టి చకచకా మార్చుకుంటే, అంత పొడుగు మనిషి వంగేలోపు బంతి వెళ్ళిపోతుంది. 1953 నవంబరులో లండన్ వెంబ్లీ మైదానంలో హంగరీ వాళ్ళు ఇంగ్లండ్‌ని 6-3తో కూల్చారు. వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ హిదెగ్‌కుటి ముందుకి రాకుండా వెనక్కి జరిగి ఆడాడు. ఇంగ్లండ్ డిఫెండర్ అతని వెంట వెళ్ళాలా, తన చోట నిలబడాలా తేల్చుకోలేకపోయాడు. ప్రపంచమంతా నోరెళ్ళబెట్టింది. ఆ ఎత్తుని శ్రద్ధగా చదివి తన జట్లలో వాడి చూసినవాళ్ళలో మన చాదర్‌ఘాట్ పంతులొకరు. టీవీ లేదు, వీడియో లేదు. పత్రికలు చదివి, నోటి మాటలు విని, నల్లబల్ల మీద గీసి ఆలోచించిన కాలం అది.

సిటీ పోలీస్ సంగతి చెప్పకుండా ముందుకి పోతే మీరు నన్ను కిందికి దింపేస్తారు. 1950లో రహీమ్ సాబ్ ఆ జట్టు పగ్గాలు పట్టారు. ఆ ఏడాది నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్ వరసగా ఐదుసార్లు ఇక్కడికే వచ్చింది. 1950లోనే ఢిల్లీలో మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చారు. 1954లో, 1957లో, తర్వాత ఆంధ్రా పోలీస్ పేరుతో 1961లో మళ్ళీ గెలిచారు. హైదరాబాద్ జట్టు 1956లో, 1957లో వరసగా సంతోష్ ట్రోఫీ తీసుకుంది. కలకత్తా వాళ్ళకి ఫుట్‌బాల్ అంటే తమ పెరట్లో చెట్టు. పండు ఇంకెవరో కోసుకుపోతుంటే మొదట నమ్మలేదు, తర్వాత వచ్చి ఆ చేతుల్నే కొనుక్కుపోయారు. ఆ సంగతి మళ్ళీ చెప్తాను.

ఇక్కడొకటి గమనించండి. ఒకే మనిషి లీగ్ నడిపే కార్యదర్శి, ఆ లీగ్‌లో అందరికంటే గట్టి జట్టుకి కోచ్, పైగా దేశపు జట్టుకీ కోచ్. ఈ రోజుల్లో అయితే మూడో రోజే కోర్టుకి వెళ్ళేవాళ్ళం. వెళ్ళడం సబబే కూడా. ఒక మనిషి చేతిలో ఇన్ని తాళాలు ఉండకూడదని నా అభిప్రాయం. మరి ఆయన హయాంలో అది మేలే ఎందుకు చేసిందంటే, పై అంతస్తు నిలబడాలంటే కింది అంతస్తు గట్టిగా ఉండాలని ఆయనకి తెలుసు. భారత జట్టుకి హాఫ్ బ్యాక్ కావాలంటే ఎక్కడో వెతుక్కోకుండా, పదేళ్ళ ముందే చిన్నపిల్లల టోర్నమెంటు పెట్టుకున్న మనిషి ఆయన.

దెబ్బలు తగల్లేదని కాదు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ని 1-0తో ఓడించి మన జట్టు బంగారం గెలిచింది. మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1. పది గోల్స్! మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఇక్కడి నేల మీద వట్టికాళ్ళతో బంతిని మాలిమి చేసినవాళ్ళకి అక్కడి చలిలో, తడిగడ్డి మీద కాలు నిలవలేదు. ఆ తర్వాతే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. ఇవాళ వింటే నవ్వొస్తుంది గానీ బూటు అప్పుడు చిన్న వస్తువు కాదు.

ఎంత పెద్ద వస్తువో అమ్ముగూడ కుర్రాణ్ణి అడగాలి. సికింద్రాబాద్ అవతల, అప్పట్లో ఊరంటే ఊరే. ఆ పల్లెలో పేదింట్లో పుట్టి పెరిగాడు తులసీదాస్ బలరామ్. పోలీసులు వాడి పారేసిన పాత బూట్లు సంపాదించి, చెప్పులు కుట్టే మనిషి చేత ఆడుకునే బూట్లుగా మార్పించుకున్నాడట. అవే అతని మొదటి బూట్లు. అక్కడి లీగ్ ఆటల్లో రహీమ్ సాబ్ కళ్ళు అతని మీద పడ్డాయి. పట్నం నడిమధ్య కూర్చుని పేరు తెచ్చుకున్న ఆటగాణ్ణి ఎవరైనా గుర్తుపడతారు. అమ్ముగూడ నుంచి వచ్చే పిల్లవాణ్ణి గుర్తుపట్టాలంటే అక్కడి మ్యాచ్‌కి కూడా వెళ్ళి నిలబడి చూసేవాడు కావాలి. కార్యదర్శి అలా చూస్తాడు. చూడక తప్పదు, ఫిక్చర్ అతనే వేశాడు కదా.

ఇరవై ఏళ్ళు నిండీ నిండకముందే బలరామ్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు. మన నగరం నుంచి నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ వెళ్ళారు. ఇంకా ఉన్నారు, పేర్లన్నీ చదివితే పొద్దుపోతుంది. అక్కడ ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించారు. బొంబాయి కుర్రాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఆసియా జట్టు ఒకటి ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ దాకా వెళ్ళడం అదే మొదలు. సెమీస్‌లో మళ్ళీ యుగోస్లావియాయే, 4-1తో ఓడాం. కంచు పతకం కోసం బల్గేరియాతో ఆడి 3-0తో ఓడాం. నాలుగో స్థానం. కానీ నాలుగేళ్ళ కిందట పది గోల్స్ తిన్న జట్టుకి, అదే ప్రత్యర్థికి మధ్య దూరం ఎంత తగ్గిందో లెక్క వేసుకోండి. 1960లో రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1. హంగరీ మీద మన ఒక్క గోల్, పెరూ మీద మన ఒక్క గోల్ బలరామ్‌వే. రెండూ ఓడాం. ఓడినా ఎదుటివాడికి చెమట పట్టించి ఓడాం.

1962 జకార్తా ఆసియా క్రీడల గురించి క్లుప్తంగా చెప్తాను, మీకు తెలిసిందే కాబట్టి. ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ ఆటలకి రానివ్వలేదని మన అధికారి సోంధీ గట్టిగా అన్నారు. దాంతో ఇండోనేసియా జనం మన మీద మండిపడుతున్నారు. ఫైనల్ నాడు లక్ష మంది జనం, అందరూ మనకి ఎదురే. మన పక్కన కేకలు వేసింది పాకిస్తాన్ హాకీ జట్టట! మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. ఫైనల్లో మళ్ళీ ఆ జట్టే. డిఫెండర్ జర్నైల్ సింగ్ తల అప్పటికే పగిలి కుట్లు పడ్డాయి. గాయంతో వెనక ఆడలేడనుకుంటే, రహీమ్ సాబ్ అతణ్ణి ముందుకి, ఫార్వర్డ్‌గా పంపారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1. ఈ జట్టు నుంచి నాకొక కానుక కావాలని ముందురాత్రి ఆటగాళ్ళని అడిగారని పి.కె. తర్వాత చెప్పేవారు. అప్పటికే ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఆయన్ని తినేస్తోంది. తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్‌లో, యాభై నాలుగో ఏట పోయారు. బలరామ్ కూడా ఆ ఏడే అనారోగ్యంతో ఆట మానేశాడు. అతనికి అప్పుడు ముప్పై కూడా లేవు. 2023 ఫిబ్రవరిలో బెంగాల్లో పోయాడు, అమ్ముగూడకి అంత దూరంలో.

తర్వాత ఏమైంది? ఇది మాట్లాడితే పెద్దలకి కోపం రావచ్చు. అయినా మాట్లాడదాం.

వెంటనే కూలిపోలేదు. ఆయన నాటినవి కాస్తూనే ఉన్నాయి. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు గెలిచిన జట్టుకి కెప్టెన్ మన నయీముద్దీన్. హబీబ్, ఆయన తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్, ఈ పేర్లు వింటే కలకత్తా వీధుల్లో ఇప్పటికీ ముసలివాళ్ళు ఆగి మాట్లాడతారు. 1977లో పెలే తన కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కి వస్తే మోహన్ బగాన్ 2-2తో నిలబెట్టింది. అందులో ఒక గోల్ హబీబ్‌ది. కానీ గమనించారా, నేను చెప్పిన పేర్లన్నీ కలకత్తా జెర్సీల్లో వెలిగినవే. ఇక్కడ పుట్టారు, అక్కడ ఆడారు. తప్పు పట్టను. పేదింటి కుర్రాడు డబ్బిచ్చే చోటికి వెళ్తాడు. వెళ్ళినవాడి ఖాళీని నింపే కొత్తవాడు కింద తయారవుతుంటే చాలు, నష్టం లేదు. ఆ తయారీయే నెమ్మదిగా ఆగిపోయింది.

కారణాలు అడిగితే క్రికెట్ అంటారు, మైదానాలు పోయాయంటారు, శాఖల్లో ఆటగాళ్ళకి ఉద్యోగాలు తగ్గాయంటారు. అన్నీ నిజాలే, కాదనను. కానీ ఈ సాకులు బెంగాల్‌కీ కేరళకీ కూడా ఉన్నాయి కదా? నా మట్టుకు నాకు తోచేది ఒకటుంది. రహీమ్ సాబ్ పోయాక మనం ఆయనలాంటి కోచ్ కోసం వెతికాం. దొరక్కపోయేసరికి నిట్టూర్చి ఊరుకున్నాం. ఆయనలాంటి కార్యదర్శి కోసం ఎవరూ వెతకలేదు. కోచ్‌గా ఆయన స్థాయి మనిషి శతాబ్దానికొకడు పుడతాడు, సరే. చిన్నపిల్లలకి ఏ నియమంతో టోర్నమెంటు పెడితే ఏం నేర్చుకుంటారో ఆలోచించే మనిషి మాత్రం ప్రతి మండలానికీ ఒకడు దొరుకుతాడు. ఈ హాల్లోనే అరడజను మంది ఉన్నారు.

ఈ మధ్య చరిత్ర కూడా అదే చెప్తోంది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. గచ్చిబౌలిలో మైదానం, పసుపు చొక్కాలు, విదేశీ కోచ్. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీలలో ఓడించి ఐఎస్ఎల్ ఛాంపియన్ అయింది. నేనూ గంతులేశాను, దాచుకోను. చేతులు మారిన ఆ క్లబ్ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా మార్చుకుంది. గుడారం ఎత్తేశాక నేల మీద మేకుల గుంటలు కూడా మిగల్లేదు. ఎందుకంటే ఆ క్లబ్‌ని ఇక్కడి లీగ్ కనలేదు. సిటీ పోలీస్‌ని ఎవరూ ఢిల్లీకి తీసుకుపోలేకపోయేవాళ్ళు. కానిస్టేబుల్ ఇల్లు ఇక్కడే, వాడి తమ్ముడు ఆడే బి-డివిజన్ జట్టు ఇక్కడే.

అంతా చీకటే అని చెప్పడానికి రాలేదు నేను. నిజామాబాద్ జిల్లాలో ఒక తండా నుంచి గుగులోత్ సౌమ్య వచ్చింది, దేశానికి ఆడుతోంది. ఆ పిల్ల మొదటి మ్యాచ్‌కి కూడా ఎవరో ఒకరు సున్నం గీతలు గీసి ఉంటారు కదా. ఆ మనిషి పేరు మనకి తెలియదు. ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది. అప్పటికి రహీమ్ సాబ్ పోయి ఇరవై రెండేళ్ళు. గీతలు గీసేవాడికి ఇచ్చే పురస్కారం ఇంకా మొదలుకాలేదు.

ఆ సినిమా గురించి ఒక్క మాట చెప్పి ముగింపుకి వస్తాను. ‘మైదాన్’ బాగానే తీశారు, ఆటల చిత్రీకరణ అద్భుతంగా ఉంది. కానీ సినిమా చూసొచ్చిన కుర్రాడు రహీమ్ సాబ్ అంటే డ్రెస్సింగ్ రూములో మాట్లాడి జట్టుని లేపిన మనిషి అనుకుంటాడు. ఆ మాటలు పనిచేసింది, వినేవాళ్ళు పదిహేనేళ్ళ వయసు నుంచీ తల తిప్పి చూసుకుని ఆడడం నేర్చుకున్నవాళ్ళు కాబట్టి. అది తెర మీద చూపించడం కష్టం. కార్యదర్శి రాత్రి లాంతరు దగ్గర కూర్చుని ఏ జట్టు ఏ రోజు ఆడాలో గళ్ళు గీసుకుంటుంటే ఎవరు టికెట్ కొంటారు?

ఇప్పటికీ మన లీగ్‌ని రహీమ్ లీగ్ అనే పిలుచుకుంటున్నాం. పేరు పెట్టి గౌరవించాం, సంతోషం. వ్యాయామ ఉపాధ్యాయులు ఇంతమంది ఒకచోట దొరికారు కాబట్టి ఒక కోరిక. దసరా సెలవుల్లో పద్నాలుగేళ్ళలోపు పిల్లలకి ఒక టోర్నమెంటు పెడదాం. ఒక్కో బడి నుంచి ఏడుగురు. గోలీ తప్ప అందరూ చేతకాని కాలితోనే ఆడాలి. మంచి కాలు తగిలితే ఫౌల్. కులీ కుతుబ్ షా స్టేడియం దొరికితే సరే, లేదంటే ఏదో ఒక బడి ఆవరణ చాలు. ప్రవేశ రుసుము వద్దు, కప్పు కూడా వద్దు. బంతులు రెండు నేను తెస్తాను. ఈలలు మీ దగ్గరున్నాయి. ఫిక్చర్లు వెయ్యడానికి మాత్రం ఓపికున్న మనిషి ఒకరు కావాలి. చాయ్ టైములో నా దగ్గరికొచ్చి పేరివ్వండి.